ముప్పై ఏళ్ల గేమ్‌ను ఎవరు బతికిస్తున్నారు?

1994లో ‘యూఎఫ్‌ఓ: ఎనిమీ అన్‌నోన్’ అనే గేమ్ వచ్చింది. అమెరికాలో దాన్ని ‘ఎక్స్‌కామ్’ పేరుతో అమ్మారు. గ్రహాంతరవాసులు భూమ్మీదికి దిగుతుంటే, మన సైనికులను వంతులవారీగా కదుపుతూ వాళ్లను అడ్డుకోవాలి. మొదట్లోనే ఐదు కష్టస్థాయులు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. అన్నిటికంటే కఠినమైనది ఎంచుకున్నవాళ్లు మొదటి పోరాటం ముగించేసరికి, ఆట చడీచప్పుడు లేకుండా అన్నిటికంటే తేలికైన స్థాయికి జారిపోయేది. డాస్ (విండోస్‌కు ముందటి కంప్యూటర్ వ్యవస్థ) వెర్షన్‌లో ఉన్న బగ్, అంటే ప్రోగ్రామ్‌లోని లోపం, అది. ఆ సంగతి తెలియని గట్టి ఆటగాళ్లు ‘ఇంత తేలికైతే ఎలా?’ అని పెదవి విరిచారు. ఆ మాట చెవిన పడి, మరుసటి ఏడాది తెచ్చిన రెండో భాగం ‘టెర్రర్ ఫ్రమ్ ద డీప్’ను తయారీదారులు చుక్కలు చూపించేలా తీర్చిదిద్దారు. లేని జబ్బుకు మందు వేశారన్నమాట.

ఇవాళ ఆ గేమ్ ఆడాలనుకునేవాళ్లలో చాలామంది అసలు ప్రోగ్రామ్‌ను తెరవనే తెరవరు. ‘ఓపెన్‌ఎక్స్‌కామ్’ పేరుతో అభిమానులు ఇంజిన్ మొత్తాన్ని మళ్లీ రాశారు. బొమ్మలూ శబ్దాలూ మీరు కొన్న పాత గేమ్ నుంచే తీసుకుంటుంది, నడిపించే కోడ్ మాత్రం కొత్తది. ఆ బగ్ ఎలాగూ పోయింది. దాని మీద ఇంకొకరు ‘ఎక్స్‌కామ్ ఫైల్స్’ అని ఏకంగా మరో గేమే కట్టారు. అది అసలు కథ కంటే ముందు కాలంలో, అరకొర ఆయుధాలున్న కొద్దిమంది ఏజెంట్లు వింత కేసులు విచారించడంతో మొదలవుతుంది. పాత గేమ్ మొదలైన చోటికి చేరడానికే వారాలు పడుతుంది.

‘మోడ్’ అంటే ఉన్న గేమ్‌ను మార్చి చేసినది. ఓపెన్‌ఎక్స్‌కామ్ మోడేనా? ఎక్స్‌కామ్ ఫైల్స్ మోడేనా? జనం రెండింటినీ అలాగే పిలుస్తారు. పాత గేముల వైపు కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడేది ఇక్కడే. మ్యాప్, ప్యాచ్, హ్యాక్, పోర్ట్ (వేరే యంత్రానికి మార్చినది), రీమేక్, రాండమైజర్ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. కానీ ఒకదానికి అసలు గేమ్ కావాలి, ఇంకొకదానికి అక్కర్లేదు. ఒకటి మీ ఫైల్‌ను మార్చేస్తుంది, మరొకటి దాని జోలికే పోదు. ఒకదాన్ని చూసి కంపెనీ మురిసిపోతుంది, ఇంకొకదానికి లాయర్ నోటీసు పంపుతుంది. ఈ చిక్కు విప్పడానికి నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ గేమ్ లోపలికి తలుపు ఎవరు తెరిచారు? తయారుచేసినవాళ్లే బార్లా తెరిచిపెట్టారా, ఎన్నో ఏళ్ల తర్వాత తాళంచెవి ఇచ్చి వెళ్లారా, అభిమానులు గోడకు కన్నం వేశారా, లేక పక్కనే అచ్చం అలాంటి ఇల్లు కట్టుకున్నారా?

తెరిచిపెట్టిన తలుపు

డూమ్ అనే షూటింగ్ గేమ్ పేరు అందరూ విన్నదే. మనకు కావలసింది దాని లోపలి అమరిక. 1993 డిసెంబరులో ఐడి సాఫ్ట్‌వేర్ దాన్ని విడుదల చేసినప్పుడు, ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ నడిపించే కోడ్‌ను ఒక ఫైల్‌లో ఉంచి, బొమ్మలు, శబ్దాలు, మ్యాప్‌లు అన్నిటినీ ‘వ్యాడ్’ అనే మరో ఫైల్‌లో పెట్టారు. వ్యాడ్ మొదటి 12 బైట్లు చెప్పేవి మూడే సంగతులు: ఇది ఏ రకం వ్యాడ్, లోపల ఎన్ని ముక్కలున్నాయి, ఆ ముక్కల జాబితా ఎక్కడుంది. జాబితాలో ఒక్కో ముక్కకు 16 బైట్లు. అది ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవో, దాని పేరేమిటో అందులో ఉంటాయి. పేరు ఎనిమిది అక్షరాలు మించకూడదు. అంతే. మీరు అదే పేరున్న ముక్కతో ఒక చిన్న వ్యాడ్ తయారుచేసి పక్కన పెడితే, ఇంజిన్ అసలుదాన్ని వదిలేసి మీదాన్ని వాడుకుంటుంది. అసలు ఫైల్‌లో ఒక్క బైట్ కూడా మారదు. నచ్చకపోతే మీ ఫైల్ తీసేస్తే మళ్లీ పాత గేమే.

ఇంత చిన్న ఏర్పాటు మీదే మూడు దశాబ్దాల మ్యాప్‌లు నిలబడ్డాయి. పైగా 1997లో సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం) కూడా బయటికి ఇచ్చేశారు. దాంతో ఇంజిన్‌కు రకరకాల కొత్త రూపాలు వచ్చాయి, వాటితోపాటు కొత్త అయోమయమూ వచ్చింది. నేల, పైకప్పులు గీయడానికి అసలు ఇంజిన్ ఒక్కో దృశ్యానికి 128 సమతలాల లెక్క మాత్రమే పెట్టుకోగలదు. అది దాటితే గేమ్ మూతపడి డాస్ తెర మీదికి వచ్చేస్తుంది. మ్యాప్ పక్కన ‘వెనిల్లా’ అని ఉంటే ఆ హద్దుకు లోబడి కట్టారని అర్థం. ‘లిమిట్ రిమూవింగ్’ అంటే ఆ హద్దు తీసేసిన ఇంజిన్ కావాలి. ‘బూమ్’ అంటే 1998లో అభిమానులు చేర్చిన కొత్త సదుపాయాలు కూడా వాడుకున్నది. ‘జీజెడ్‌డూమ్’ అంటే స్క్రిప్టులు రాసి గేమ్ స్వభావాన్నే మార్చేసిన రకం. ఈ మాటలు చూడకుండా మ్యాప్ దించుకుని, తెరుచుకోలేదని మ్యాప్‌ను తిట్టేవాళ్లు కోకొల్లలు.

ఆడదగినవి చెప్పమంటే నేను పేరుమోసిన రక్తపాతపు మోడ్‌ల జోలికి పోను. 1996 నాటి ‘చెక్స్ క్వెస్ట్’తో మొదలుపెట్టండి. అల్పాహారపు అట్టపెట్టెల్లో ఉచితంగా పెట్టి పంచిన గేమ్ అది. ఇంజిన్ డూమ్‌దే, కానీ చంపడం లేదు, నెత్తురు లేదు. చేతిలోని పరికరంతో జిగురు జీవులను వాటి లోకానికి తిరిగి పంపేయడమే. అదే ఏడాది వచ్చిన ‘స్ట్రైఫ్’ ఇంకా తక్కువమంది ఆడిన గేమ్. డూమ్ ఇంజిన్‌లోనే మాట్లాడే మనుషులు, దుకాణాలు, ఎవరి పక్షం వహించాలో తేల్చుకోవలసిన కథ. దాని సోర్స్ కోడ్ పోయింది. ప్రోగ్రామ్‌ను విప్పి చదివి, అది ఎలా పనిచేస్తుందో తిరిగి రాబట్టింది అభిమానులే. 2014లో వచ్చిన కొత్త ఎడిషన్ ఆ కష్టం మీదే నిలబడింది. డూమ్ బాగా తెలిసినవాళ్లకైతే 2023 నాటి ‘మైహౌస్’. పైకి ఎవరో తమ ఇంటిని కట్టుకున్న మామూలు మ్యాప్‌లాగే ఉంటుంది. ఇంతకంటే చెబితే చెడగొట్టినవాణ్ణవుతాను. అసలు డూమ్ కొనకుండా రుచి చూడాలంటే ‘ఫ్రీడూమ్’ ఉంది. బొమ్మల నుంచి శబ్దాల వరకు అన్నీ కొత్తగా చేసి ఉచితంగా ఇచ్చిన వ్యాడ్ అది.

డూమ్ కంటే రెండేళ్ల ముందే ఇలాంటి తలుపు ఇంకొకటి తెరుచుకుంది. టిమ్ స్వీనీ 1991లో రాసిన ‘జెడ్‌జెడ్‌టీ’ అది. ఆయన పెట్టిన సంస్థే తర్వాత ఎపిక్ గేమ్స్ అయింది. జెడ్‌జెడ్‌టీలో బొమ్మలు లేవు, డాస్ తెర మీది అక్షరాలే గోడలు, పులులు, రత్నాలు, తుపాకీ గుళ్లు. నీలి గడిలో నవ్వే తెల్లటి ముఖమే మీరు. ఒక్కో తెర 60 అక్షరాల వెడల్పు, 25 అక్షరాల ఎత్తు. కొత్త లోకాలు కట్టే ఎడిటర్ గేమ్‌లోనే ఉంది. దాంట్లో ఏ వస్తువుకైనా నాలుగు వాక్యాల స్క్రిప్టు రాయవచ్చు: నన్ను ముట్టుకుంటే ఈ మాట చెప్పు, నన్ను కాలిస్తే పక్కకు జరుగు, ఫలానా జెండా (గేమ్ గుర్తుపెట్టుకునే ఆనవాలు) లేచి ఉంటే తలుపు తీయి. తర్వాత ఏళ్ల తరబడి చాలామంది కుర్రకారుకు ప్రోగ్రామింగ్ ఇక్కడే అబ్బింది. స్వీనీ దగ్గర అసలు కోడ్ మిగల్లేదు. 2020లో అభిమానులు దాన్ని తిరిగి రాశారు. పాతకాలపు టర్బో పాస్కల్ అనే సాధనంలో కంపైల్ చేస్తే, అంటే యంత్రానికి అర్థమయ్యేలా మారిస్తే, బైట్‌కు బైట్ అదే ప్రోగ్రామ్ వచ్చేంత నిక్కచ్చిగా రాశారు.

తాళంచెవి చేతికిచ్చి వెళ్లినవాళ్లు

ఈ రకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘స్టార్ కంట్రోల్ 2’. 1992లో టాయ్స్ ఫర్ బాబ్ బృందం చేసింది. తర్వాత త్రీడీవో యంత్రానికి తెచ్చిన వెర్షన్‌లో పాత్రలకు గొంతులు కూడా చేర్చారు. 2002లో ఆ వెర్షన్ కోడ్‌ను రచయితలు అభిమానులకు ఇచ్చేశారు. పేరు మీద హక్కు వేరేవాళ్లది కాబట్టి ఆ కొత్త రూపం ‘ది ఉర్‌క్వాన్ మాస్టర్స్’ అయింది. పూర్తిగా ఉచితం, అసలు గేమ్ అక్కర్లేదు, మామూలు కంప్యూటర్ చాలు.

అందులో ఏముందంటారా? భూమి బానిసత్వంలో ఉంటుంది. మీకు ఒక ఓడ ఇస్తారు. నక్షత్రాల పటం ఇస్తారు. ఇక ఎటు వెళ్లాలో చెప్పేవాడు ఉండడు. సౌరకుటుంబం అంచున ప్లూటో మీద ఫ్విఫ్ఫో అనే స్పాథీ జాతి కెప్టెన్ ఒంటరిగా కూర్చుని ఉంటాడు. పిరికితనమే మతంగా బతికే జాతి అది. అతను బెదిరింపుగా మొదలుపెట్టే మాటలు మూడు వాక్యాలు దాటేసరికి ప్రాధేయపడటంలోకి దిగిపోతాయి. నవ్వు ఆపుకోలేరు. నవ్విస్తూనే అతను చెప్పే సంగతుల్లో మీకు తర్వాత పనికొచ్చేవి ఉంటాయి. ఎవరు ఏం చెప్పారో గేమ్ గుర్తుపెట్టుకోదు, మీరే కాగితం మీద రాసుకోవాలి. ఈ కాలం ఆటల్లోని బాణం గుర్తులకు అలవాటుపడినవాళ్లకు మొదటి గంట చిరాకు పుట్టిస్తుంది. ఓపిక పట్టండి. ఒక హెచ్చరిక కూడా: మీరు తిరుగుతున్నంతసేపూ కాలం నడుస్తూనే ఉంటుంది, శత్రువు మీకోసం ఆగడు.

‘మారథాన్’ది ఇంచుమించు ఇదే దారి. బంగీ సంస్థ 1994లో మెకింటాష్ కోసం చేసిన షూటర్. దాని రెండో భాగం కోడ్‌ను 2000లో విడుదల చేశారు, 2005లో మూడు భాగాల డేటానూ ఉచితం చేశారు. ‘ఆలెఫ్ వన్’ అనే ఇంజిన్‌తో ఇప్పుడు ఏ కంప్యూటర్ మీదైనా నడుస్తుంది. కాల్చడం సగమే. మిగతా సగం, గోడల్లోని కంప్యూటర్ తెరల మీద ఒక కృత్రిమ మేధ రాసే సందేశాలు చదవడం. అది క్రమంగా మతి తప్పుతుంటే రాతలో తేడా మీకే తెలుస్తుంది. ‘రూబికాన్’, ‘ఎటర్నల్’ అని అభిమానులు దాని మీద పూర్తిస్థాయి గేములే కట్టారు. అంతరిక్ష షూటర్లు ఇష్టమైతే 1995 నాటి ‘టైరియన్’ కూడా ‘ఓపెన్‌టైరియన్’ రూపంలో ఉచితంగా దొరుకుతుంది.

గోడకు కన్నం

కార్ట్రిడ్జ్ గేముల కథ పూర్తిగా వేరు. కోడ్, బొమ్మలు, సంభాషణలు, సంగీతం అన్నీ ఒకే చిప్‌లో కలగలిసి ఉంటాయి. ఏది ఎక్కడుందో చెప్పే జాబితా ఉండదు. ఆ చిప్‌లోని డేటాకు తీసిన నకలునే ‘రోమ్’ అంటారు. దాన్ని మార్చేవాళ్లు మార్చిన గేమ్‌ను పంచరు, పంచకూడదు. మార్పుల పట్టికను మాత్రం పంచుతారు. ప్యాచ్ అంటే అదే.

అన్నిటికంటే పాతబడిన ఐపీఎస్ ప్యాచ్‌ను దగ్గరగా చూద్దాం. ఒక గేమ్‌లో ఫలానా చోట ఆటగాడి ప్రాణాల సంఖ్య 3 అని ఉందనుకోండి. దాన్ని 9 చేయాలి. ప్యాచ్ ఫైల్‌లో మొదట ‘ప్యాచ్’ అన్న ఇంగ్లీషు మాటకు ఐదు అక్షరాలు, తర్వాత మార్చవలసిన చోటు చెప్పే మూడు బైట్లు, ఎన్ని బైట్లు మారాలో చెప్పే రెండు బైట్లు, 9 అనే కొత్త విలువకు ఒక బైట్, చివర ‘ఈఓఎఫ్’ అనే మూడక్షరాలు. మొత్తం 14 బైట్లు. చోటు చెప్పడానికి మూడే బైట్లు కాబట్టి 16 మెగాబైట్లు దాటిన ఫైల్ దీనికి అందదు. ఇంకో తమాషా ఉంది. 45,42,278 అనే చిరునామాను మూడు బైట్లలో రాస్తే అవి అచ్చంగా ‘ఈఓఎఫ్’ అక్షరాలే అవుతాయి. అక్కడ మార్పు పెడితే, ప్యాచ్ వేసే ప్రోగ్రామ్ ఫైల్ అయిపోయిందనుకుని చేతులు దులుపుకునే ప్రమాదం ఉంది.

అసలు తలనొప్పి వేరే. తాను ఏ ఫైల్ మీద కూర్చుంటోందో ఐపీఎస్‌కు తెలియదు. సూపర్ నింటెండో గేములను ఒకప్పుడు నకలు తీసిన పరికరాలు ముందు 512 బైట్ల హెడర్, అంటే తమ సొంత ముందుమాట లాంటి డేటా, చేర్చేవి. హెడర్ ఉన్న ఫైల్ కోసం రాసిన ప్యాచ్‌ను హెడర్ లేనిదాని మీద వేస్తే ప్రతి మార్పూ 512 బైట్లు పక్కకు పడుతుంది. నా మొదటి ప్యాచ్‌కు జరిగింది అదే. తెర మీద అక్షరాలు రావలసిన చోట రంగురంగుల గడులు కనిపిస్తే, రెండు రోజులు ప్యాచ్ రాసినవాళ్లను తిట్టుకున్నాను. తప్పు నాదేనని తర్వాత తెలిసింది. ఆ తరువాత వచ్చిన బీపీఎస్ రకం ప్యాచ్ అసలు ఫైల్ చెక్‌సమ్‌ను (ఫైల్‌ను గుర్తుపట్టడానికి దాని బైట్ల నుంచి లెక్కగట్టే సంఖ్య) కూడా తనలో దాచుకుంటుంది. తప్పు ఫైల్ ఇస్తే ముందే నిలదీస్తుంది. రెండు రకాలూ దొరికిన చోట బీపీఎస్‌నే తీసుకోండి.

ఈ కన్నాల్లోంచి బయటికి వచ్చిన గొప్ప సంపద అనువాదాలు. జపాన్ దాటి రాని గేములు వందల్లో ఉన్నాయి. వాటిని ఇంగ్లీషులోకి తేవడం అంటే మాటలు మార్చడం ఒక్కటే కాదు. జపనీస్‌లో ‘నిప్పు’ అనడానికి ఒక్క గుర్తు, ఒక్క గడి చాలు. ఇంగ్లీషుకు నాలుగు కావాలి. గడులన్నీ ఒకే వెడల్పు కాబట్టి సన్నటి ‘ఐ’ అక్షరం కూడా లావాటి ‘డబ్ల్యూ’ అంత చోటు తింటుంది. అందుకే ముందు అక్షరాన్ని బట్టి వెడల్పు మారే ఫాంటు గీసే కోడ్‌ను గేమ్‌లోకి ఎక్కించాలి. ఇక ఒక సంభాషణ పొడవు పెరిగితే దాని వెనకవన్నీ జరుగుతాయి. పుస్తకంలో మూడో అధ్యాయానికి పది పేజీలు చేరిస్తే విషయసూచికలో తర్వాతి అంకెలన్నీ తప్పయినట్టు, రోమ్‌లో ఏ సంభాషణ ఎక్కడుందో చెప్పే పాయింటర్లన్నీ తప్పవుతాయి. వాటిని ఒక్కొక్కటిగా దిద్దాలి. ఇంగ్లీషుకే ఇంత తిప్పలైతే, ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని ఎనిమిది పిక్సెళ్ల గడిలో ఎలా ఇరికించాలో ఆలోచించండి.

‘మదర్ 3’ జపాన్‌లో 2006లో వచ్చింది. ఇంగ్లీషులో అధికారికంగా రానేలేదు. క్లైడ్ మాండెలిన్ నడిపించిన బృందం 2008లో చేసిన అనువాదమే దిక్కు. వృత్తి అనువాదకుడి పని అని మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది. పోరాటంలో నేపథ్య సంగీతం తాళానికి సరిగ్గా మీట నొక్కితే ఒక్క దెబ్బ పదహారు దెబ్బల దాకా సాగుతుంది. చెవితో ఆడవలసిన ఆట అది. 1995లో వచ్చిన ‘సెయ్‌కెన్ డెన్‌సెట్సు 3’ని అభిమానులు 2000లోనే ఇంగ్లీషులో ఆడుకున్నారు. కంపెనీ ఇంగ్లీషు వెర్షన్ తెచ్చింది 2019లో.

భయపెట్టే ఆటలు ఇష్టమైనవాళ్లు 1989 నాటి ‘స్వీట్ హోమ్’ వెతుక్కోండి. క్యాప్‌కామ్ సంస్థ నింటెండో పాత గేమ్ యంత్రం ఫామికామ్ కోసం చేసిన గేమ్, ‘రెసిడెంట్ ఈవిల్’కు మూలం ఇదే. పాడుబడిన భవంతిలో ఐదుగురు చిక్కుకుంటారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో వస్తువు: లైటరు, కెమెరా, వ్యాక్యూమ్ క్లీనర్, మందుల పెట్టె, తాళంచెవి. నేల మీద గాజుపెంకులుంటే వ్యాక్యూమ్ క్లీనర్ ఉన్న మనిషి రావాలి. ఎవరైనా చనిపోతే ఇక అంతే, తిరిగి రారు. ఎనిమిది బిట్ల యంత్రం మీద ఇంత ఉక్కిరిబిక్కిరి చేయవచ్చని నేను ఊహించలేదు. అనువాద ప్యాచ్‌తో ఇంగ్లీషులో ఆడవచ్చు.

ప్యాచ్ అక్కర్లేకుండానే అరుదైనది ఒకటుంది: ‘టెర్రానిగ్మా’. క్వింటెట్ చేసిన ఈ గేమ్ జపాన్‌లో 1995లో, యూరప్‌లో 1996లో వచ్చింది, అమెరికా ముఖం చూడలేదు. అందుకే చాలా జాబితాల్లో కనిపించదు. భూమ్మీద ఏమీ లేని స్థితి నుంచి ఖండాలు, మొక్కలు, పక్షులు, జంతువులు, చివరికి మనుషులను వరసగా బతికించుకుంటూ పోతారు.

రాండమైజర్ కూడా రోమ్ హ్యాకే, కానీ దీన్ని మనిషి కాక ప్రోగ్రామ్ చేస్తుంది. 1991 నాటి జెల్డా గేమ్ ‘ఎ లింక్ టు ద పాస్ట్’లో పెట్టెల్లోని వస్తువులన్నీ తారుమారు చేస్తుంది. ఇష్టమొచ్చినట్టు చల్లేస్తే ఆట ముందుకు సాగదు కదా, తాళంచెవి తాళం వెనకే పడవచ్చు. దానికి వాడే ఉపాయం ముచ్చటైనది. మొదట ఆటగాడి దగ్గర అన్నీ ఉన్నాయనుకుంటారు. అందులోంచి ఒకటి, కొక్కెపు గొలుసు అనుకోండి, తీసేస్తారు. అది లేకుండా ఎక్కడెక్కడికి వెళ్లవచ్చో లెక్కేసి, ఆ చోట్లలో ఏదో ఒకదానిలో దాన్ని దాచేస్తారు. తర్వాత ఇంకొకటి. ఇలా చేతులు ఖాళీ అయ్యేదాకా చేస్తే, ఆటను పూర్తిచేసే దారి తప్పకుండా ఉంటుంది. ఇది ‘సూపర్ మెట్రాయిడ్’తో కలిసి రెండు గేములు ఒకటైపోయిన రూపంలో కూడా ఉంది. ఒక గేమ్‌లోని తలుపు తీస్తే రెండోదాంట్లో తేలతారు. అసలు గేములు కంఠతా వచ్చినవాళ్లకే ఇది వినోదం, కొత్తవాళ్లకు శిక్ష.

పక్కనే కట్టిన ఇల్లు

ఓపెన్‌ఎక్స్‌కామ్ గురించి ముందే చెప్పాను. ఇదే పనిని పెద్ద ఎత్తున చేసింది ‘స్కమ్‌వీఎం’. పాత సాహసకథల గేములు చాలావరకు స్క్రిప్టులుగా ఉండేవి. వాటిని చదివి నడిపించే చిన్న ప్రోగ్రామ్ మాత్రమే ఒక్కో యంత్రానికి వేరుగా ఉండేది. ఆ చదివే ప్రోగ్రామ్‌ను కొత్తగా రాస్తే చాలు, గేములన్నీ లేచి కూర్చుంటాయి. 2001లో దీన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు స్వీడన్ ప్రోగ్రామర్ లుడ్విగ్ స్ట్రిగియస్. ‘ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్’ మెషిన్ కోడ్‌ను విప్పి చదివి 2004లో ‘ఓపెన్‌టీటీడీ’గా తిరిగి రాసిందీ ఆయనే. ఫైళ్లు దించుకునే మైక్రోటోరెంట్ కూడా ఆయన రాసిందే. స్కమ్‌వీఎంతో ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ ఆడండి. 1994 నాటి గేమ్, 2003లో తయారీదారులే ఉచితం చేశారు.

ఇంకా కఠినమైన దారి డీకంపైలేషన్. ‘సూపర్ మారియో 64’ను అభిమానులు సి భాషలోకి తిరిగి రాసి, పాత కంపైలర్‌కు ఇచ్చి, వచ్చిన ఫైల్‌ను అసలు రోమ్‌తో బైట్‌కు బైట్ పోల్చారు. ఒక్కటి తేడా వచ్చినా మళ్లీ మొదటికే. 2019లో ఆ కోడ్ బయటికి వచ్చాక, మరుసటి ఏడాదే ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) లేకుండా కంప్యూటర్ మీద నడిచే రూపం వచ్చేసింది.

ఏ లెక్కలోనూ ఇమడని గేమ్ ఒకటుంది. లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ 1998లో చేసిన ‘థీఫ్: ద డార్క్ ప్రాజెక్ట్’. ఇందులో మీరు దొంగ. కత్తి కంటే చీకటి, నిశ్శబ్దం ముఖ్యం. తివాచీ మీద నడిస్తే చప్పుడు ఉండదు, పాలరాయి మీద ప్రతి అడుగూ కాపలావాడి చెవిన పడుతుంది. కాపలావాడి బూట్ల చప్పుడు వింటూ అతను ఏ గదిలో ఏ నేల మీద నడుస్తున్నాడో మీరూ పసిగడతారు. స్టూడియో 2000లో మూతపడింది. తాము వాడిన ఎడిటర్‌ను మాత్రం అభిమానులకు ఇచ్చి పోయారు. ఆ ఎడిటర్ ఎంత మొండిదంటే, దాంతో వేగినవాళ్లను చూస్తే జాలేస్తుంది. అయినా వెయ్యికి పైగా మిషన్లు కట్టారు. 2012లో తన అసలు పేరు చెప్పని ఎవరో ‘న్యూడార్క్’ అనే ప్యాచ్‌ను ఒక ఫ్రెంచి ఇంటర్నెట్ చర్చావేదికలో వదిలి వెళ్లారు. పాత ఇంజిన్ కొత్త కంప్యూటర్ల మీద నడవసాగింది, హద్దులు తొలగిపోయాయి. దొంగ గేమ్‌కు రాత్రికి రాత్రి దొంగచాటుగా సాయం అందింది! ఆ ప్యాచ్ లేకపోతే 2023లో వచ్చిన పది మిషన్ల ‘ద బ్లాక్ పెరేడ్’ ఉండేది కాదు. అసలు గేమ్ కంటే బాగుందనడానికి నాకు మొహమాటం లేదు.

దిద్దడమా, మార్చడమా

‘ఇది మోడ్ కాదు, బగ్‌లు దిద్దిన ప్యాచ్ మాత్రమే’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఆ గీత ఎక్కడ గీయాలో తేలిక కాదు. ట్రోయికా గేమ్స్ సంస్థ ‘వాంపైర్: ద మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్’ను 2004 నవంబరు 16న, సరిగ్గా అందరూ ఎదురుచూసిన ‘హాఫ్‌లైఫ్ 2’ గేమ్ వచ్చిన రోజునే, సగం ఉడికిన స్థితిలో విడుదల చేసింది. మరుసటి ఏడాది సంస్థే లేదు. అప్పటినుంచి వెర్నర్ స్పాల్ అనే అభిమాని దానికి అనధికారిక ప్యాచ్ నడుపుతున్నారు. లోపాలు దిద్దుతూ పోతే, తయారీదారులు ఫైళ్లలో వదిలేసిన సంభాషణలూ చోట్లూ దొరికాయి. వాటిని తిరిగి పెట్టడం దిద్దుబాటా, సొంత పైత్యమా? వాదన తేలక ప్యాచ్‌లోనే రెండు దారులు పెట్టారు: లోపాలు మాత్రమే దిద్దే ‘బేసిక్’, వదిలేసినవీ చేర్చే ‘ప్లస్’. మొదటిసారి ఆడేవాళ్లు బేసిక్ వేసుకోవాలన్నది నా పక్షపాతం. తయారీదారులు దేన్ని వదిలేశారో అందులోనూ వాళ్ల తీర్పు కొంత ఉంటుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. ‘అబాండన్‌వేర్’ అనేది జనం పెట్టుకున్న పేరే కానీ చట్టంలో ఆ గది లేదు. అమ్మకం ఆగిపోయినంత మాత్రాన కాపీరైట్ పోదు. ప్యాచ్‌లో కొత్త బైట్లే ఉంటాయి కాబట్టి దాన్ని పంచేవాళ్లు కొంత నిశ్చింతగా ఉంటారు. అయినా రక్షణ పూర్తిగా లేదు. ‘క్రోనో ట్రిగ్గర్’ మీద కట్టిన ‘క్రిమ్సన్ ఎకోస్’ను 2009లో, విడుదలకు కొద్ది వారాల ముందు, స్క్వేర్ ఎనిక్స్ నోటీసు ఆపేసింది. ‘మెట్రాయిడ్ 2’ను ఒక అభిమాని ఏళ్ల తరబడి తిరిగి నిర్మించి 2016లో విడుదల చేస్తే, నింటెండో రోజుల్లోనే దించేయించింది. సెగా మాత్రం సోనిక్ అభిమానులనే పనిలో పెట్టుకుని 2017లో ‘సోనిక్ మేనియా’ చేయించింది. ఏ కంపెనీ ఎలా స్పందిస్తుందో చూసి అభిమానులు పాఠం నేర్చుకున్నారు. ఇప్పుడు చాలామంది పని పూర్తయ్యేదాకా నోరు విప్పరు.

మొదలుపెట్టడానికి ఉర్‌క్వాన్ మాస్టర్స్ సరైనది. ఉచితం, నిక్షేపంగా చట్టబద్ధం, ఏదీ మార్చనక్కర్లేదు. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తర్వాత ఫ్రీడూమ్, దాని మీద ‘లిమిట్ రిమూవింగ్’ అని రాసి ఉన్న మ్యాప్ ఏదైనా ఒకటి. ప్యాచ్‌లు ఆ తర్వాతే. ప్యాచ్ వేసే ముందు అసలు ఫైల్‌కు నకలు తీసి వేరే ఫోల్డర్‌లో దాచండి. ఒక ప్యాచ్ మీద రెండోది వేయకండి, రెండూ కలిసి పనిచేస్తాయని రాసినవాళ్లే చెబితే తప్ప.

ఇవన్నీ కాక ఒక సాయంత్రం ఖాళీ దొరికితే, జెడ్‌జెడ్‌టీ తెరవండి. అదీ ఇప్పుడు ఉచితమే. మొదటి తెర మీద కీబోర్డులో ‘ఈ’ నొక్కితే ఎడిటర్ వస్తుంది. పసుపుపచ్చటి గోడ మధ్య నల్లటి ఖాళీ తెర, నీలి గడిలో నవ్వుతున్న తెల్లటి ముఖం. పక్కన ఒక వస్తువు పెట్టి, ముట్టుకుంటే ఏం చెప్పాలో దానికి రాసి పెట్టండి.